పదో ప్రయత్నం

మార్చి 2

డైరీ రాయమని డాక్టరు చెప్పాడు. రాస్తున్నాను.

మా ఆవిడ పోయి నాలుగు వారాలు. ఆఫీసుకు వెళ్తున్నాను. వేళకు తింటున్నాను. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

మార్చి 3

డబ్బింగ్ స్టూడియో ఓనరు వచ్చాడు. సంతాపం రెండు నిమిషాలు, పని పావుగంట. తను మాటలు రాస్తున్న హాలీవుడ్ హ్యాకర్ సినిమా వచ్చే నెల విడుదల. తెలుగు స్క్రిప్టు తన ల్యాప్‌టాప్‌లో ఉంది. ఇంకెక్కడా లేదు.

"మీకు తెలియందేముంది సార్. కంప్యూటర్లకు కాపలా కాసేదే మీరు. తెరిచి ఫైలు పంపేయండి. ఐదు నిమిషాల పని."

"పాస్‌వర్డ్ తెలియదు."

నవ్వాడు. జోకనుకున్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఇరవైనాలుగో తేదీ దాకా ఆగుతాడట. ఆ తర్వాత వేరే రచయితతో మొదటినుంచీ రాయిస్తారు. టైటిల్స్‌లో ఆయన పేరు పడుతుంది. "ఏం చేస్తాం సార్, విడుదల తేదీ మన చేతుల్లో లేదు" అన్నాడు. సగం స్క్రిప్టయినా ఇంతకుముందే పంపలేదా అని అడిగాను. "ఆవిడా! సగం ఉడికింది వడ్డించను అనేవారు." నిజమే. అలాగే అనేది.

అందులో ఉన్నది స్క్రిప్టు ఒక్కటే కాదు. రాసిన ప్రతి మాటా పైకి చదివి రికార్డు చేసుకునేది, తెరమీద పెదవులకు సరిపోయిందో లేదో చూడటానికి. హీరో, విలన్, పోలీసు, ముసలావిడ, అందరికీ తన గొంతే. తలుపు ఇవతల కూర్చుని వినేవాణ్ణి. విని నవ్వేవాణ్ణి.

ఆ గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. పెళ్లి వీడియోలో కూడా తను ఒక్క మాటా మాట్లాడదు.

మార్చి 4

ల్యాప్‌టాప్‌కు తాళం బిగించింది నేనే. ఆఫీసులో వాడేదే పెట్టాను. పదిసార్లు తప్పు కొడితే లోపలి తాళంచెవి తనంతట తానే చెరిగిపోతుంది. ఫైళ్లు అక్కడే ఉంటాయి, ఎవరూ చదవలేరు. నేనూ చదవలేను. ఆ తాళాన్ని తయారుచేసినవాడూ చదవలేడు. వేరే డిస్కులో ఇంకో కాపీ ఉంది. దానికీ అదే పాస్‌వర్డ్.

తను కాగితం మీద ఎక్కడా రాసిపెట్టలేదు. మంచి అలవాటు. నేనే నేర్పాను.

ఆస్పత్రి నుంచి ఒక్కణ్ణే వచ్చిన రోజున రెండుసార్లు కొట్టాను. రెండూ తప్పే.

మార్చి 6

సినిమా చూశాను. స్టూడియో వాళ్లు పంపిన కాపీ, బొమ్మ మధ్యలో వాళ్ల ముద్ర. తను చివరగా పనిచేసింది దీనిమీదే. ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనని చూశాను.

అసహ్యం. వేరే మాట వెతకను.

హీరో పాత దొంగ. జైల్లో ఉంటాడు. అరచేతి మందం పుస్తకం చదువుతుంటాడు, చొక్కా లేకుండా. ప్రభుత్వం వచ్చి బతిమాలుతుంది. ఎవడో ఒక ఆనకట్ట గేట్లను కంప్యూటర్లోంచి తెరవబోతున్నాడు, నువ్వు తప్ప దిక్కులేదు అంటుంది. హీరో కీబోర్డును తబలా వాయించినట్టు వాయిస్తాడు. తెరమీద పచ్చటి అక్షరాలు. "లోపలికి వచ్చేశాను" అంటాడు. పదకొండుసార్లు అంటాడు, లెక్కపెట్టాను. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఆ మాట అన్నవాణ్ణి నేను చూడలేదు. మా పనిలో ఎవరైనా లోపలికి వస్తే ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. అదీ బయటివాళ్లు ఫోన్ చేసి చెప్తే.

వైరస్‌కు చప్పుడు కూడా పెట్టారు. బుసకొడుతుంది.

విలన్ తన కంప్యూటర్లకు గ్రీకు పురాణం పేర్లు పెట్టుకున్నాడు. చిక్కుదారి, ఎద్దు తల, దారం ఉండ. ఎద్దు తల ఒకసారి చూపిస్తే అర్థంకాదేమోనని నాలుగుసార్లు చూపించారు. ఎవరు ఆలోచించినా పక్కన చదరంగం బల్ల. దర్శకుడు చదువుకున్నవాడని మనకు తెలియాలి, అంతే. హీరోకి పదేళ్ల కూతురు. అదీ హ్యాకరే. పాలు తాగుతూ ఉపగ్రహాన్ని పక్కకు జరుపుతుంది.

చివర్లో చచ్చిపోయిన భార్య కంప్యూటర్ తెరవాలి. ఆనకట్టను కాపాడే రహస్యం అందులో ఉంది. మూడే అవకాశాలు. బయట వాన. గోడమీద గడియారం వెనక్కి నడుస్తుంటుంది. రెండు తప్పు. హీరో కళ్లు మూసుకుని, తన పేరు తనే కొడతాడు. తెరుచుకుంటుంది. ఆవిడకు అతనంటే అంత ప్రేమట.

టీవీ ఆపేశాను. చేతులు కడుక్కున్నాను.

ఒక్క దృశ్యం మాత్రం నిజం. రాయకపోతే అన్యాయం. విలన్ ఆనకట్ట ఆఫీసుకు ఫోన్ చేసి, "నేను కంప్యూటర్ల విభాగం నుంచి" అని చెప్పి, గుమాస్తాను పాస్‌వర్డ్ అడుగుతాడు. ఆవిడ చెప్పేస్తుంది. నలభై సెకన్లు. లోకంలో జరిగే దొంగతనాలన్నీ దాదాపు ఇంతే. గోడలు ఎవడూ బద్దలుకొట్టడు. అడుగుతారు, చెప్తారు.

మార్చి 7

బావమరిది వచ్చాడు. పళ్లు తెచ్చాడు. కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు.

"బావా, ఒక్క ల్యాప్‌టాప్ తెరవలేకపోతున్నావా? ఆఫీసులో నీకు ఉద్యోగం ఎలా ఇచ్చారు?"

"తెరవకుండా ఆపడానికి ఇచ్చారు."

"అయితే బాగానే చేస్తున్నావు." ఒక పండు ఒలుచుకున్నాడు. "అక్కయ్య పుట్టినరోజు కొట్టి చూశావా?"

"పుట్టినరోజులు పెట్టుకోవద్దని చెప్పాను."

"నువ్వు చెప్తే వినేసిందా?"

"వినేది."

"అదే బావా దాని జబ్బు" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. పళ్లు మొత్తం వాడే తిని వెళ్లాడు.

మార్చి 8

చంటి ఫోన్. ఎత్తలేదు.

యాభై రెండేళ్ల మనిషి. సినిమాల్లో చిన్నపిల్లలకు గొంతు ఇస్తుంది, అందుకని స్టూడియోలో ఆ పేరు. ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే పసిపాప ఏడ్చినట్టుంటుంది. నేను భరించలేను.

మార్చి 9

నా పేరు కొట్టాను.

ఆ హీరోని అసహ్యించుకుని మూడు రోజులు కాలేదు. అదే పని చేశాను. ముందు పేరు, తర్వాత ఇంటిపేరుతో కలిపి. రెండూ తప్పే. మొత్తం నాలుగు.

నాకు వానా గడియారమూ లేవు. పక్కింటివాళ్ల కుక్కర్ కూస్తోంది.

మార్చి 11

ఈ రోజు ప్రయత్నించలేదు. ఇక ప్రయత్నించను.

చంటి ఫోన్. ఎత్తలేదు.

మార్చి 12

నిన్న ప్రయత్నించాను. పై వాక్యాలు రాశాక. మూడుసార్లు. మొత్తం ఏడు.

మార్చి 14

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు క్లాసు. ఏటా చెప్పేదే. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. ఎక్కడా రాయకండి. భార్యకు కూడా, భర్తకు కూడా. ఇక్కడ అందరూ నవ్వుతారు. ఈసారీ నవ్వారు.

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మరి మేం పోతే సార్?"

"ఎక్కడికి?"

"అదే, పోతే."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆ అమ్మాయికి నా సంగతి తెలియదు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచి చెవిలో ఏదో చెప్పాడు. మొహం పాలిపోయింది పాపం.

"దానికి పద్ధతి ఉంది. పధ్నాలుగో స్లైడులో వస్తుంది" అన్నాను.

నా పాఠంలో ఉన్నవి పన్నెండు స్లైడులే.

మార్చి 15

ఎనిమిది.

తను రాసే పద్ధతి కొంచెం తెలుసు. తెరమీద మనిషి పెదవులు కలిసినచోట మన మాటలోనూ పెదవులు కలవాలి. ప, బ, మ. లేకపోతే చూసేవాడికి చెవి ఒకచోట, కన్ను ఒకచోట ఉన్నట్టుంటుంది. ఒక్క "మ" కోసం గంటసేపు ఇల్లంతా తిరిగేది. వంటింట్లో పెదవులు కలుపుతూ విడదీస్తూ. చేపలా ఉన్నావనేవాణ్ణి.

చంటి ఫోన్. మోగి మోగి ఆగింది.

మార్చి 17

కాగితం మీద రాసిపెట్టలేదని మొదట్లో రాశాను. అబద్ధం.

రాసింది. రెండేళ్ల కిందట. పసుపు రంగు చీటీ, నిఘంటువు అట్ట లోపల అంటించుకుంది. ఏదో అర్థం చూద్దామని తెరిస్తే కనిపించింది. ఆ రోజు ఇంట్లో స్టూడియో ఓనరు ఉన్నాడు, చంటి ఉంది. హాల్లో అందరి ముందూ పైకి చదివాను. "ఇదిగో, ఇది మా ఇంటి భద్రత" అన్నాను. ఓనరు నవ్వాడు. "ఊరందరికీ పాఠాలు చెప్తాను. నా ఇంట్లో చదువుకున్న మనిషి చేసే పని ఇది" అన్నాను. నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.

"సరే, ఇంక రాయను" అంది. అందరికీ టీ తెచ్చింది. నా కప్పు కూడా.

ఆ రోజే పాస్‌వర్డ్ మార్చింది. రాయలేదు. అదేమిటని నేను అడగలేదు. అడక్కూడదన్నది నా పాఠమే.

సినిమా చూస్తే కలిగిన అసహ్యం దేనిమీదో ఇప్పుడు తెలుస్తోంది. చచ్చిన భార్య తన పేరే పెట్టుకుని ఉంటుందని ఆ హీరోకి ఎంత నమ్మకం! నాకూ ఉంది. రెండు ప్రయత్నాలు దానికే తగలేశాను.

తొమ్మిది.

మార్చి 18

స్టూడియో నుంచి ఫోన్. వేరే రచయితతో మాట్లాడి ఉంచారట. ముందుజాగ్రత్తకు.

మార్చి 20

ఆదివారం. పొద్దున పదింటికి బెల్లు. చంటి. చేతిలో కూరగాయల సంచి.

"ఫోన్ ఎందుకెత్తరన్నయ్యా? పాపం కట్టుకుంటారు ఒకరోజు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఏడవలేదు కూడా. హాల్లో నిఘంటువు ఉన్న అర వైపు చూసింది.

"కొత్త రచయిత వస్తున్నాడట."

"అవును."

"ఆయనొస్తే నా పని అయిపోయినట్టే."

"మీ గొంతుకేం? ఎవరు రాసినా మీరేగా పలికేది."

"అన్నయ్యా, నాకు చదవడం రాదు."

అర్థం కాలేదు. "అంటే?"

"అంటే రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. ముప్పయ్యేళ్ల నుంచి మైకు ముందు కాగితం పట్టుకుని నిలబడుతున్నాను. కాగితం తలకిందులు కాకుండా చూసుకుంటే చాలు, మిగతాది బట్టీ. పూర్వం మా ఆయన చదివి పెట్టేవాడు. ఆయన పోయాక వదిన కనిపెట్టేసింది. పద్నాలుగేళ్లయింది. మీకు చెప్పిందా?"

"లేదు."

"చూశారా మరి."

సంచిలో చెయ్యి పెట్టి, బెండకాయల కింద నుంచి ఫోన్ తీసింది. తను రాసింది రాసినట్టు రికార్డు చేసి చంటికి పంపేదట. ఏ రోజు పని ఆ రోజే. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా. నూట పన్నెండు రికార్డులు ఉన్నాయి.

"మీ పాత్ర మాటలేనా?"

"మొత్తం సినిమా. అందరివీ."

"మీకు ఆ కూతురి మాటలు చాలుగా?"

"ఎదుటివాడు ఏమన్నాడో వినకపోతే నేను జవాబెలా చెప్తానన్నయ్యా?"

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పడానికేగా ఫోన్ చేసింది! మీరెత్తకపోతే, నిజం చెప్తున్నాను, బతికిపోయాను అనుకునేదాన్ని." కొంగు సర్దుకుంది. "ఆ రోజు మీరు చీటీ చింపారు. చదువుకున్న మనిషి చేసే పనా అన్నారు. చదువుకున్నావిడకే అంత పడితే, నాకెంత పడుతుందో అనుకున్నాను."

వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. గ్లాసు కడిగాను. మళ్లీ కడిగాను.

తిరిగి వచ్చేసరికి కూర్చుని ఉంది. "ఎవరికీ చెప్పకండన్నయ్యా. స్టూడియోలో తెలిస్తే రేపటినుంచి ఇంకొకరిని పిలుస్తారు. ఈ గొంతు తప్ప నాకింకేం రాదు."

"చెప్పను."

రికార్డులు నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. చంటి ఫోనుకు తాళం లేదు. వేలు పెడితే తెరుచుకుంటుంది, ఎవరి వేలైనా సరే. విడుదల కాని సినిమా మొత్తం, బెండకాయల కింద, బస్సుల్లో తిరుగుతోంది. మా ఆఫీసులో అయితే ఇద్దరినీ ఆ రోజే ఇంటికి పంపించేవాణ్ణి. రిపోర్టు నేనే రాసేవాణ్ణి.

మార్చి 21

సెలవు పెట్టాను. పొద్దున్నుంచి వింటున్నాను, రాస్తున్నాను. మొదటి రికార్డు మూడుసార్లు ఆపాల్సి వచ్చింది. అది "హలో, జైలరు గారు" అనే మాట. అంతే.

పోలీసుకు గొంతు బొంగురు చేస్తుంది. విలన్‌కు ముక్కుతో మాట్లాడుతుంది. మధ్యలో దగ్గు. "ఇది లెక్కలోకి రాదు చంటీ, ఇది నాది" అంటుంది. "లోపలికి వచ్చేశాను" అన్న పదకొండు చోట్లా పదకొండు రకాలుగా రాసింది. ఒకచోట "తలుపు తీశారు", ఒకచోట "ఇల్లు మనదే". నేను నవ్వాను. కుర్చీలో ఒక్కణ్ణే.

మధ్యాహ్నానికి ఎనభై అయ్యాయి. సాయంత్రం ఆరుకి చివరిది. గొంతు సన్నబడింది. వెనకాల ఆస్పత్రి బండి చక్రాల చప్పుడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"చంటీ, ఆఖరి రీలు ఇంకా రాయలేదు. అదే, పాస్‌వర్డు సీను. అది మా ఆయన పక్కన కూర్చుని రాస్తాను. చూస్తే మండిపడతాడు. ఛీ అంటాడు, థూ అంటాడు. అనాలి. ప్రతి సినిమాకీ ఆయన తిట్టే తిట్లలోంచే నాకు ఒక మంచి మాట దొరుకుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదులే. ఇంటికెళ్లాక రాసి పంపుతా."

తర్వాత నాలుగు సెకన్లు ఏమీ లేదు. ఆపడం మర్చిపోయింది. ఊపిరి వినిపిస్తుంది.

మార్చి 22

ఆఖరి రీలు నేనే రాస్తున్నాను. పన్నెండు నిమిషాల సినిమా. పొద్దున ఏడింటికి కూర్చుంటే రెండింటికి నాలుగు నిమిషాలు అయ్యింది. ప, బ, మ. వంటింట్లో తిరుగుతున్నాను. కిటికీ అద్దంలో చూసుకున్నాను. చేప.

ఛీ అన్నాను. థూ అన్నాను. పక్కన ఎవరూ రాసుకోలేదు.

పాస్‌వర్డ్ సీన్లో హీరో తన పేరు కొట్టేముందు ఒక మాట అంటాడు. అసలు సినిమాలో "నీ మనసు నాకు తెలుసు" అన్న అర్థం వచ్చే మాట. ఆ మాట నా చేత్తో రాయలేను. మొదట్లో రెండుసార్లు, చివరివైపు ఒకసారి పెదవులు కలుస్తాయి. మూడు గంటలు పట్టింది.

"మామూలుగా అడిగితే చెప్పేదానివి."

సరిపోయింది.

మార్చి 23

ఆఖరి రీలు చంటికి పైకి చదివి పంపాలి కదా. హీరో, కూతురు, పోలీసు, అందరికీ నా గొంతే. కూతురిగా మాట్లాడినప్పుడు నాకే సిగ్గేసింది. గంటలో జవాబు వచ్చింది, అదీ గొంతుతోనే:

"అన్నయ్యా, ఏమనుకోకండి, మీ పిల్ల గొంతు గేదె అరిచినట్టుంది. మళ్లీ చెప్పి పంపండి. కొంచెం మెల్లగా."

మళ్లీ పంపాను. తాళం లేకుండా.

మార్చి 24

స్క్రిప్టు ఇచ్చాను. మొదటి పేజీలో తన పేరు ఒక్కటే. ఓనరు తిరగేశాడు, ఆఖరి పేజీ దాకా ఉందో లేదో చూసుకున్నాడు. కొత్త రచయితకు అక్కడే ఫోన్ చేసి వద్దన్నాడు. తర్వాత అసలు ప్రశ్న.

"ఎలా తెరిచారు సార్?"

కన్సోల్ దగ్గర సౌండ్ ఇంజనీరు కూడా ఇటు తిరిగాడు. అద్దం అవతల చంటి మైకు ముందు నిలబడి ఉంది. మాటలు వినపడవు, కానీ నా మొహమే చూస్తోంది.

"పగలగొట్టాను" అన్నాను.

"ఎన్నోసారికి?"

"పదోసారికి. ఆఖరి అవకాశం."

"అబ్బ! ఏంటి సార్ పాస్‌వర్డు?"

"నా పేరు."

ఓనరు కళ్లు తుడుచుకున్నాడు. "అచ్చం సినిమాలోలాగే" అన్నాడు. "చూశారా, ఇలాంటివి జరగవని ఎప్పుడూ వాదించేవారు మీరు."

"తప్పు నాదే" అన్నాను. ఇరవయ్యేళ్లలో ఇంత నీచమైన అబద్ధం నేను ఏ తెరమీదా చూడలేదు. ఇద్దరూ నమ్మారు. ఇంకో పదిమందికి చెప్తారు.

ఇంజనీరు రెడీ అన్నాడు. అద్దంలోంచి చూస్తే చంటి చేతిలో కాగితం తలకిందులుగా ఉంది. నా మొహం చూస్తూ మర్చిపోయింది కాబోలు. లోపలికి వెళ్లాను. "పేజీ మారిందమ్మా" అని తీసుకుని, తిప్పి చేతిలో పెట్టాను.

"కళ్లజోడు మర్చిపోయానన్నయ్యా" అంది, అందరికీ వినపడేలా, పసిపిల్ల గొంతుతో.

బయటికి వచ్చాను. ఎర్రదీపం వెలిగింది. చంటి మొదటి మాట పలికింది. గొంతు చంటిది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, అది తనది.

మార్చి 25

ల్యాప్‌టాప్ దుమ్ము తుడిచి బీరువాలో పెట్టాను. తొమ్మిది దగ్గరే ఉంది.